ఆమె పోసిన పసుపునీళ్లు

రెండేళ్ల కిందట రేపల్లెలో ఒక రైస్ మిల్లులో పనిచేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఊకగుట్ట విరిగి నా మీదా, మా వీధివాడే అయిన నాగేశ్వరరావు మీదా పడింది. నోట్లో, ముక్కులో ఊకే. అమ్మవారిని తలుచుకోవడం వరకే గుర్తుంది. తవ్వి తీసేసరికి నాకు ఊపిరి ఉంది, వాడికి లేదు.

నేను బతికితే పొంగలి పెడతానని మా ఆవిడ మొక్కుకుందట. మూడు నెలలయ్యాక మా కొలకలూరులో పొంగలికుండ నా తలకెత్తి, డప్పులతో గుడికి బయల్దేరదీసింది. కుండ మోసేవాళ్ల కాళ్ల మీద ప్రతి ఇంటివాళ్లూ పసుపునీళ్లు పోయడం మా ఆనవాయితీ. నాగేశ్వరరావు ఇల్లు రాగానే డప్పులు ఆపించి, తలొంచుకుని దాటబోయాను.

"ఆగయ్యా!" అంటూ వాళ్లమ్మ బిందెతో వచ్చింది.

"పిన్నీ, నువ్వెందుకు..." అన్నాను.

"ఆ రోజు కబురు తెలియగానే మీ ఇద్దరికీ కలిపే మొక్కాను నాయనా. ఒక్కడివే వచ్చావు. మొక్కు మొక్కే కదా" అంటూ నీళ్లు పోసింది. తర్వాత డప్పులవాళ్లతో, "ఏంటయ్యా ఆపారు? కొట్టండి" అంది.

గుళ్లో నా కాళ్లింకా తడిగానే ఉన్నాయి. 'కాపాడావు తల్లీ' అనడానికి నోరు రాలేదు. ఇప్పటికీ ఏ గుళ్లో అర్చన చేయించినా పూజారికి ముందు ఆమె పేరు చెప్పి, తర్వాతే నాది చెబుతాను.

– ఒక పాఠకుడు, కొలకలూరు