వేపమండ లేని చోటు

కమలాబాయి వంట రుచి తెలిసినవాళ్లకు ఆ ఇంట్లో డబ్బుకు కటకట అని చెబితే నమ్మేవారు కాదు. కొడుకు బాలరాజు దూలపల్లిలో ప్లాస్టిక్ బకెట్లు చేసే కంపెనీలో పనిచేసేవాడు. జీతం నెల మొదట్లో చుట్టంలా వచ్చి, నాలుగు రోజులుండి వెళ్లిపోయేది. అయినా కండ్లకోయలోని ఆ రెండు గదుల ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాళ్లు తృప్తిగా తేన్చి లేచేవారే తప్ప, మొహం ముడుచుకుని లేచినవాళ్లు లేరు.

అందులో మంత్రమేమీ లేదు. పిడికెడు కందిపప్పుకు ఒడి నిండా గంగవాయిలి కూర, అంతే. కొట్లో కొనేది పప్పు, ఉప్పు, నూనె, ఎల్లిపాయ. మిగతాదంతా గట్ల మీద దొరికేది. వానలు పడితే గంగవాయిలి, చెంచలి. కాలువ పక్కన పొన్నగంటి. ఎండాకాలంలో చింతచిగురు. కొత్త కాలనీలో ఉద్యోగస్తుల ఆడవాళ్లు తోపుడు బండి దగ్గర కొత్తిమీర కట్ట కోసం బేరమాడుతుంటే, ఆమె ఒడినిండా ఆకుతో పక్కనుంచి జమీందారిణిలా నడిచిపోయేది. గర్వమే, కాదనలేం. ఉండనీండి, ఆ గర్వం వల్ల ఎవరి సొమ్మూ పోలేదు.

అయితే ఏ ఆకైనా గిల్లేముందు ఆమె గట్టు చూసేది. ఆ చుట్టుపక్కల రైతులకు ఒక కట్టుబాటు ఉండేది. చేనుకు మందు కొట్టిన రోజు గట్టు మొదట్లో ఒక వేపమండ గుచ్చేవారు. మండ కనిపిస్తే అటు పశువుల్ని తోలరు, కూర తెంపరు. దాని ఆకులు ఎండి రాలాకే మళ్లీ ఆ చేలో అడుగుపెట్టేవారు. అక్షరం ముక్క రాని కమలాబాయి కూడా తడుముకోకుండా చదవగలిగిన బోర్డు అది.

రెండువేల ఆరులో, వానలు మొదలయ్యేనాటికి కోడలు సుచిత్రకు అయిదో నెల. మేడ్చల్ సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచింది.

"ఒంట్లో రక్తమే లేదు. ఇలాగే ఉంటే కాన్పు ప్రాణం మీదికి వస్తుంది. బిళ్లలు పడటం లేదంటున్నావు. మరి తిండితోనే పెరగాలి. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా తినాలి."

పాలు, గుడ్లు అన్నప్పుడు బాలరాజు నేలచూపులు చూశాడు. ఆకుకూరలు అన్నప్పుడు కమలాబాయి తలెత్తింది.

"గా సంగతి నాకిడిసిపెట్టున్రి మేడం. నా కోడలికి నెత్తురు నేను పట్టిస్త," అంది.

అన్నదే గానీ, ఆ ఏడు ఊళ్లో చేలే మిగల్లేదు. రింగు రోడ్డు వస్తుందన్న మాటకే ఎకరాలన్నీ ప్లాట్లయిపోయాయి. మక్కలు పండిన చోట తెల్లసున్నం కొట్టిన రాళ్లు లేచాయి. కుర్మయ్య అనే రైతు తన పొలం అమ్ముకుని, ఆ డబ్బు బిడ్డల పెళ్లిళ్లకు కరిగిపోయాక, అదే నేలకు కాపలాదారుగా కుదిరాడు. అయినా చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, నాలుగు చినుకులు పడగానే ఆ రాళ్ల మధ్య గంగవాయిలి గుబురుగా పరుచుకుంది.

ఒకనాటి పొద్దున బాలరాజు పనికి వెళ్లాక కమలాబాయి అక్కడికి వెళ్లింది. అలవాటు కొద్దీ ముందు చుట్టూ చూసింది. గట్లు లేవు కాబట్టి మూలరాళ్ల మొదళ్లు చూసింది. ఎక్కడా వేపమండ లేదు. నిశ్చింతగా గొంతుకూర్చుని లేత కొసలు గిల్లి ఒడి నింపుకుంది. ఇంటికొచ్చి ఉప్పునీళ్లలో కడిగి, పప్పులో ఉడికించి, చింతపండు పులుసు పోసి ఎల్లిపాయ పోపు పెట్టింది. కోడలి కంచంలో అన్నం కంటే పప్పే ఎక్కువ వేసింది. రాత్రికి కూడా ఆ పిల్లకు మిగలాలని తను మాత్రం పచ్చిపులుసుతో కానిచ్చింది.

"జర సేదున్నట్టుంది అత్తమ్మా," అంది సుచిత్ర రెండో ముద్దకు.

"కడుపుతోటి ఉన్నప్పుడు నోరు గట్లనే ఉంటది బిడ్డా. తిను, నెత్తురు వడ్తది."

సుచిత్ర తిన్నది. అత్త మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు. ఆ ఒక్కపూట ఎదురు చెప్పినా బాగుండేది.

మధ్యాహ్నం చాయ్ వేళకు వాంతులు పట్టుకున్నాయి. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు కక్కింది. ఇరుగుపొరుగు ఆటోలో వేసి దవాఖానాకు తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు సెలైన్ ఎక్కించి, వార్డులో ఉంచి, కడుపులో బిడ్డకు ప్రమాదం లేదని మర్నాటికి చెప్పాడు. బట్టల కోసం ఊరికొచ్చిన కమలాబాయి కాళ్లు ఇంటికి కాకుండా ప్లాట్ల వైపు నడిచాయి. అక్కడ ఆకంతా మాడి, పసుపుబారి, నేలకు అతుక్కుని ఉంది. కుర్మయ్య రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"గడ్డిమందు కొట్టినవా కుర్మన్నా?"

"మొన్న పొద్దూకంగ కొట్టిన వదినె. కొనేటోళ్లు చూడనీకి వస్తాన్రు, జల్దీ సాఫ్ చెయ్యమన్నడు ప్లాట్ల సేటు."

"మరి మండ వెట్టలేదేంది?"

"చేనైతే పెడుదు. గీ ప్లాట్లల్ల ఎవరు కూర తెంపుకుంటరు అనుకున్న." అని, ఆమె మొహం చూసి కుర్మయ్య బీడీ పారేశాడు. "నువ్వు గాని తెంపుకవోయినవా వదినె?"

కడుపు మండింది ఆమెకు. నోటికొచ్చినట్టు తిట్టాలనుకుంది. కానీ ఎన్నో ఏళ్లు తప్పకుండా మండ గుచ్చిన చెయ్యి అది. నేల అతనిది కాదు, మందు అతనిది కాదు. తను చూడాల్సింది చూసింది, అతను తనకు చెప్పిన పని చేశాడు. ఎవరిని తిట్టాలో తెలియక ఆమె ఇంటికెళ్లి బట్టల మూట కట్టుకుని దవాఖానాకు వెళ్లిపోయింది.

కొడుకు దగ్గర ఏమీ దాచలేదు. అంతా విని బాలరాజు, "ఇగ బయటి ఆకు ఇంట్లకు తేకమ్మా," అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

సుచిత్ర ఇంటికొచ్చాక, అప్పు చేసి మరీ అతను బజారు పాలకూర తెచ్చాడు. కమలాబాయి దాన్ని ఒకటికి పదిసార్లు కడిగి వండింది. సుచిత్ర ముద్ద నోట్లో పెట్టుకుంది, పెరట్లోకి పరుగెత్తింది. రుబ్బి చారులో కలిపితే వాసనకే వికారం. రొట్టెపిండిలో కలిపితే ఆకుపచ్చ రంగు చూడగానే కళ్లనీళ్లు.

"నీ మీద అనుమానం కాదత్తమ్మా. నా కడుపే మాట ఇంటలేదు," అని ఏడ్చేది ఆ పిల్ల.

ఆ మాట నిజమేనని కమలాబాయికి తెలుసు. నిజం కావడమే కష్టంగా ఉండేది. కోపమైతే బతిమాలుకోవచ్చు, అలకైతే తీర్చవచ్చు. కడుపును ఏమని బతిమాలుతుంది? పాలు రోజూ కొనే స్తోమత లేదు. గుడ్లు జీతం వచ్చిన వారం మాత్రమే. మిగతా రోజులు ఆలుగడ్డ, చారు. కరువు రోజుల్లో కూడా ఇంటిల్లిపాదికీ కమ్మగా తినిపించిన మనిషి, ఇప్పుడు పొయ్యి ముందు ఏం వండాలో తోచక ఊరికే కూర్చునేది. కళ్ల ముందే కోడలి గోళ్లు తెల్లబడుతున్నాయి.

ఎనిమిదో నెలలో మళ్లీ మేడ్చల్ వెళ్లారు. మొదట్లో చూసిన డాక్టరమ్మే ఉంది. బయట గర్భిణుల వరుస గేటు దాకా ఉంది, ఆమెకు తల ఎత్తే తీరిక లేదు.

"రక్తం పోయినసారి కంటే తగ్గిందే. ఆకుకూరలు తింటున్నావా?"

కమలాబాయి జరిగిందంతా చెప్పేద్దామని నోరు తెరిచింది. సుచిత్ర బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తింటున్న మేడం. మా అత్తమ్మ రోజు ఒండి పెడ్తది."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ కమలాబాయితో అంది. "అయితే నువ్వు పెట్టేది సరిపోవడం లేదమ్మా. ఇంకొంచెం ఎక్కువ పెట్టు."

కమలాబాయి చేతిలో కోడలి చెయ్యి చల్లగా ఉంది.

"పెడ్త మేడం," అంది.