విమానాలు అడిగారు, పేర్లు చేశాను

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ధర్మవరం పక్క పల్లెలో తోలుబొమ్మలు చేసే ఇల్లు మాది. హిందూపురంలో రంగప్ప అని, విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయినాయన ఉన్నాడు. పిల్లలకు విమానాల సంగతులు చూపించడానికి ఇంట్లో ఒక గది పెట్టాడు. రెండు నెలల కింద మా ఇంటికొచ్చి, స్వీడన్ దేశపు యుద్ధ విమానాలు ఐదు తోలుతో చేసిమ్మని, వాటి పేర్లకు అర్థాలు వరసగా చెప్పి పోయాడు: పీపా, ఈటె, గాలిపటం, పిడుగు, చివరిది సింహం ఒళ్లూ డేగ తలా ఉన్న జంతువు. మా పనిలో పేరు చెబితే ఆ పేరుకు రూపం కోస్తాం. హనుమంతుడు కావాలన్నవాళ్లు ఫోటో తెచ్చివ్వరు. అట్లాగే కోశాను. మా కోడలు ఫోటోలు తీసి పంపితే, ఫోన్‌లో చూసి ఆయన, "అవ్వా, నేనడిగింది విమానాలు. ఇవి వద్దు" అన్నాడు. రెండు నెలలు కళ్లు పొడుచుకుని చేసినదాన్ని ఫోన్‌లో వద్దంటే ఒప్పుకోను. ఎదురుగా మాట్లాడదామని బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు ధర్మవరంలో పెనుకొండ బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే గాని, సీటు ఎవరూ ఇవ్వరు.

"ఏమవ్వా, ఆ చాపచుట్టలో ఏముండాది?" అన్నాడు కండక్టరు.

"విమానాలు."

"మరి ఎగిరిపోక బస్సులో యాడికి పోతాండావు?"

"నవ్వింది చాలు గాని, సీటు చూపించప్పా. మోకాళ్లు నిలవడం లేదు."

చూపించాడు. ఎనిమిదికి పెనుకొండలో దిగి, పది రూపాయల టీ తాగి, హిందూపురం బస్సుకు అరగంట కూర్చున్నాను. అక్కడి కొండ మీది కోట ఎక్కాలనుకునేవాళ్లు ఎండ రాకముందే ఎక్కండి. నేను కింద నుంచే చూసి సరిపెట్టుకున్నాను. పది దాటాక హిందూపురం చేరి, ఆటోలో రంగప్ప ఇంటికి పోయాను.

గది గోడకు ఐదు ఫోటోలున్నాయి. ఆయన వేలు పెట్టి చూపించాడు. "దీనికి పొట్ట లావు. జనం పీపా అని ఎగతాళి చేస్తే అదే పేరు నిలిచిపాయ. దీని తర్వాత ఈటె. మూడోదాని రెక్కలు చూడు, గాలిపటమే. నాలుగోది పిడుగు. ఆఖరిదానికి ఏం పేరు పెడదామని జనాన్నే అడిగినారంట."

"ఇంత కథ ఈ ఫోటోల్లో యాడుండాది?"

"కింద రాసినా కదవ్వా."

"నాకు చదువు రాదప్పా. నాలాంటిది ఈ గదిలోకొస్తే ఏం తెలుస్తాది?"

ఆయన ఫోటోల కింది రాత వైపు చూశాడు. నేను చాప విప్పి, తోలు పీపాను కిటికీ ఎండకు పట్టాను. ఎర్రటి వెలుగు నేల మీద పడింది. ఆయన దాన్ని తీసుకుని ఫోటో పక్కన పెట్టి చూశాడు. "రెండింటికీ ఒకటే పొట్ట" అని మేకు వెతుక్కున్నాడు. ఈటె ఎక్కింది, గాలిపటం ఎక్కింది. పిడుగు దగ్గర ఆగాడు.

"ఇది పాము మాదిరి ఉండాదవ్వా."

చూశాను. నిజమే. "మళ్లీ కోస్తా" అన్నాను.

"ఈ సింహానికి కన్నేది?"

"బొమ్మకు చోటు దొరికేదాకా మా ఇంట్లో కన్ను తెరవరు."

ఆయన ఐదో ఫోటో పక్కన మేకు కొట్టాడు. నేను సంచిలోంచి ఉలి తీసి, కిటికీ దగ్గర కూర్చుని కన్ను తెరిచాను. గురి తప్పలేదు.

తిరుగు బస్సులో ఒళ్లంతా నొప్పులు, ఒళ్లో పిడుగు. ఆ దూరదేశం వాళ్లను నేను ఎరగను. వాళ్లు ఇనుమును చూసి పేరు పెట్టారు, నేను పేరు విని తోలు కోశాను. నడుమ రంగప్ప గోడ ఒకటి దొరికింది. ఈ వయసులో ఇంకో పిడుగు కోయాలంటే ఓపిక లేదు, అయినా కోస్తాను. మీరు మా వైపు బొమ్మలు చేయించుకోను వస్తే ఒక్క మాట: పేరు చెప్పి పోవద్దు, ఫోటో ఇచ్చి పొండి.