కోరా గుడ్డ మీద మా ఇంటిపేర్లు

లాక్‌డౌన్‌కు నెల రోజుల ముందు మా బడికి ఇద్దరు మనుషులు వచ్చారు. తాపీ నది ఒడ్డున, పాత కోట దగ్గర, సూరత్ చరిత్ర మీద మూడు రోజుల ప్రదర్శన పెడుతున్నామని చెప్పారు. ఓడల కాలం నుంచి ఈ రేవు పట్నానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళందరి కథలూ అందులో ఉంటాయట. పార్సీలకు ఒక గోడ, డుమస్ తీరపు జాలర్లకు ఒక గోడ, వరాఛా వజ్రాల పనివాళ్ళకు ఒక గోడ. తెలుగువాళ్ళకూ ఒకటి ఇస్తామన్నారు. నేను తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెబుతాను కాబట్టి నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ముందు నాకు నవ్వొచ్చింది. మాదీ ఒక చరిత్రేనని అంతవరకూ ఎవరూ అనగా వినలేదు. మా నాయనలు, తాతలు సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు నడపడానికి వచ్చారు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. వచ్చారు, నడిపారు, కొందరు ఇక్కడే పోయారు. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా మా పెద్దనాయన దగ్గరే ఉంది.

పెద్దనాయన మా నాయనకు అన్న. మీసాలు రాని వయసులో, మొదట వచ్చిన గుంపులో సూరత్ చేరాడు. మా నాయన పోయాక నా పెళ్ళి చేసింది ఆయనే. లింబాయత్‌లో కొడుకు దగ్గర ఉండేవాడు. చదువు రాదు. కానీ ఏ గల్లీలో, ఏ అర్రలో, ఏ ఊరి నుంచి ఎవరు దిగారో, ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో, అన్నీ వరుసగా చెప్పగలడు.

ప్రదర్శన సంగతి చెప్పి, పాత ఫోటోలు ఏమైనా ఉన్నాయా అని అడిగాను.

"ఫోటోలు మనకేడియి బిడ్డా? మనకాడ ఉన్నది గుడ్డనే. గుడ్డ మీదనే రాయి" అన్నాడు.

అలా మొదలైంది. ఆయన కొడుకు, నేను అన్న అని పిలిచే మనిషి, ఊరి శివారు సచిన్‌లోని మిల్లులో పనిచేసేవాడు. తాను పనిచేసే చోటు నుంచి రంగు వెయ్యని కోరా గుడ్డ తెచ్చిపెట్టాడు. ఆదివారం ఆదివారం నేను మా ఇల్లున్న డిండోలి నుంచి వెళ్ళేదాన్ని. డాబా మీద గుడ్డ పరిచి, నల్ల రంగులో కుంచె ముంచుకుని కూర్చునేదాన్ని. పెద్దనాయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

"ఇగ మూలమీది అర్ర. దాంట్ల ఆరుగురుంటుండె. ముగ్గురు పగటి పాళి, ముగ్గురు రాత్రి పాళి. అండుకుంటానికి ఒక్కటే పొయ్యి. రాసుకుంటున్నవా?"

ఒక్కో ఇంటిపేరు, దాని కింద ఊరు. నాలుగు ఆదివారాల్లో గుడ్డ సగం నిండింది. ఐదో ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత అన్నీ మూతపడ్డాయి, ప్రదర్శన కూడా.

ఇళ్ళలో ఉప్పు, పప్పు అయిపోతున్న రోజులవి. ఖాతాలకు, అంటే సాంచాల షెడ్లకు, తాళాలు పడ్డాయి. ఒక్కో అర్రలో పదిమంది, బయట పోలీసులు. అలాంటప్పుడు పేర్లేమిటి, గుడ్డేమిటి? కానీ పెద్దనాయన ఊరుకోలేదు. రోజూ పొద్దున ఫోన్ చేసి చెప్పేవాడు, నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మే నెల వచ్చేసరికి ఆ ఫోన్ల తీరు మారింది.

"ఇయ్యాల ఎవలు పోయిండ్రు?" అని అడిగేవాడు ముందు.

చెప్పేదాన్ని. ఫలానా వాళ్ళు బస్సు మాట్లాడుకున్నారు. ఫలానా వాళ్ళు సామాను అమ్ముకుని పోయారు. మా గుడ్డ మీద మొదటి వరుసలో ఉన్న ఇంటివాళ్ళ మనుమలు, సూరత్‌లో పుట్టి, తెలుగు సరిగ్గా రాని పిల్లలు, ఎన్నడూ చూడని ఊరికి మూటలు కట్టుకుని పోయారు.

ఒకరోజు ఆయన, "ఎందుకు బిడ్డా ఇదంత? ఉన్నోళ్ళే ఉంటలేరు. అచ్చినోళ్ళను రాసుకొని ఏం జేస్తవు?" అన్నాడు.

"పోయినంక మల్ల రారా పెద్దనాయనా?"

"ఏమో" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత పేర్లు చెప్పడం మానేశాడు. నేనూ అడగలేకపోయాను.

మరుసటి ఏడాది ఎండలు ముదిరేసరికి జబ్బు మా గల్లీలకే వచ్చింది. మొదటిసారి ఎక్కడో ఉందని విన్నాం, ఈసారి గోడ అవతల దగ్గు వినిపించేది. శ్మశానాల దగ్గర శవాలు వరుస కట్టాయి. పెద్దనాయనకు జ్వరం మొదలైన మూడో రోజుకు ఊపిరి అందలేదు. అన్న పెద్ద ఆసుపత్రులన్నీ తిరిగాడు. ఎక్కడా పడక లేదు. చివరికి మా వాళ్ళూ మరాఠీవాళ్ళూ కలిసి ఒక బడిలో పడకలు వేశారని తెలిస్తే అక్కడికి తీసుకుపోయాం. బెంచీలన్నీ వరండాలో పేర్చి, తరగతి గదుల్లో మంచాలు వేశారు. పక్కనే ఆక్సిజన్ సిలిండర్లు. పెద్ద ఆసుపత్రుల్లో లోపలికి రానివ్వరు కానీ, ఇక్కడ మాస్కులూ గ్లోవ్సూ వేసుకుని ఒకరు కూర్చోవచ్చు. అన్న పగలంతా పడక కోసం, ఇంజక్షన్ కోసం తిరిగేవాడు. నేను కూర్చునేదాన్ని.

మొదటి రోజు పేర్ల మాట ఎత్తింది ఆయనే. ఆ సంగతి నేను అన్నకు తర్వాత ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను.

"ఆడికే ఆగింది గదా బిడ్డా. రెండో గల్లీ రాయలే" అన్నాడు ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపి.

ఫోన్‌లో రికార్డు పెట్టాను. నాలుగు పేర్లు చెప్పాడు. నిద్రపోయాడు.

రెండో రోజు ఆయన ఏమీ అడగలేదు. మళ్ళీ రికార్డు పెట్టి అడిగింది నేను. ఎదురు మంచం మీద నిన్నటి దాకా ఉన్న మనిషి పొద్దున్నకు లేడు. పెద్దనాయన గోళ్ళు నీలంగా మారడం చూశాను. ఈయన పోతే ఆ గల్లీలన్నీ ఈయనతోనే పోతాయి, ఇంకెవరికీ తెలియవు అన్న ఒక్క భయమే నన్ను పట్టుకుంది. మనిషి పోతాడన్న భయం ముందా, పేర్లు పోతాయన్న భయం ముందా అంటే, ఇవాళ కూడా నిజం చెప్పలేను.

"పెద్దనాయనా, నల్లా ఎదురుంగ అర్ర ఎవలది?"

చెప్పాడు.

"దాని పక్కది?"

"నీళ్ళు" అన్నాడు.

నీళ్ళు తాగించాను. మూతి తుడిచాను. మళ్ళీ అడిగాను. "దాని పక్కది?"

దగ్గుకు దగ్గుకు మధ్య ఒక్కో పేరు. ఏడు పేర్లు వచ్చాయి. ఎనిమిదోదానికి, "ఇద్దరన్నదమ్ములు... వేములాడ అవుతల..." అని ఆగిపోయాడు. నేను ఆయన మాస్కు పక్కకు జరిపి, ఫోన్ ఆయన నోటికి దగ్గరగా పెట్టాను. "ఏ ఊరు పెద్దనాయనా? ఏ ఊరు?"

అప్పుడే అన్న గుమ్మంలోకి వచ్చాడు. ఎంతసేపు నిలబడి చూశాడో తెలియదు. వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. మాస్కు సరిచేశాడు. గదిలో అందరూ మావైపే చూస్తున్నారు.

"నీకు మా నాయన గావాల్నా, ఆయన జెప్పే పేర్లు గావాల్నా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ సాయంత్రమే ఒక ఆసుపత్రిలో పడక దొరికింది. అంబులెన్సులో అన్న ఒక్కడే ఎక్కాడు. రెండు రోజులకు పెద్దనాయన పోయాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చారట. దహనానికి అన్నతో పాటు ఇంకొక్కరినే రానిచ్చారు, నన్ను పిలవలేదు. ఫోన్ మాత్రం ఎవరితోనో పంపించాడు.

ఏడాది దాకా అన్న నాతో మాట్లాడలేదు. సాంచాలు మళ్ళీ తిరిగాయి. పోయినవాళ్ళలో కొందరు వచ్చారు, కొందరు రాలేదు. ప్రదర్శన వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. గుడ్డ అన్న ఇంట్లోనే ఉంది. వెళ్ళి తలుపు దగ్గర నిలబడి అడిగాను.

లోపలికి పోయి గుడ్డ తెచ్చి చేతిలో పెట్టాడు. "మంచిగున్నప్పుడు జెప్పినయి పెట్టు. ఆ బళ్ళె ఊపిరాడకుంట జెప్పినయి మాత్రం పెట్టకు" అన్నాడు.

సరేనన్నాను. నోటుబుక్కులో ఉన్నవి గుడ్డ మీదికి ఎక్కించాను. బడిలో చెప్పిన పదకొండు పేర్లూ రాయలేదు.

ప్రదర్శనకు మా వాళ్ళు బాగానే వచ్చారు. గుడ్డ మీద తమ ఇంటిపేరు వెతుక్కుని, వేలు పెట్టి పిల్లలకు చూపించారు. కొందరు ఏడ్చారు. రెండో రోజు ఒక ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"మాది ఏడున్నది బిడ్డా?" అని ఇంటిపేరు చెప్పింది.

అది ఆ పదకొండులో ఒకటి. నల్లా ఎదురుగా ఉన్న అర్ర.

"లేదవ్వా" అన్నాను.

"మీ పెద్దనాయనకు యాదికి రాలేదా? మా ఆయన, ఆయన ఒక్క ఖాతాల పనిజేసిండ్రు. ఒక్క కంచంల తిన్నరు."

ఆయన మరిచిపోయాడని ఆమె అనుకోవడం నేను భరించలేకపోయాను. "ఆయనకు యాదికుండె అవ్వా. జెప్పిండు. నేనే రాయలే."

"ఎందుకు బిడ్డా?"

నేను గుడ్డ మడత సవరించాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, కోడలితో పక్క గోడ వైపు, జాలర్ల పడవ దగ్గరికి వెళ్ళిపోయింది. మూడో రోజు మళ్ళీ వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అన్న వచ్చాడు. ఒక చివర నుంచి మొదలుపెట్టి మొత్తం చదివాడు. సామాను తీసేటప్పుడు గుడ్డ రెండో కొస తాను పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి మడిచాం. ఇప్పుడు పండగలకు పిలుస్తాడు, పోతాను, తింటాను. ఆ బడి సంగతి ఇద్దరిలో ఎవరమూ ఎత్తం.

ఆ రెండో రోజు రికార్డు ఇంకా నా దగ్గర ఉంది. చెరపలేదు. ఒక్కసారి విన్నాను. ఒక్కో పేరు చెప్పేముందు పెద్దనాయన ఊపిరి కోసం ఆయాసపడటం వినిపిస్తుంది. ఆ ఆయాసానికి ముందు, ప్రతిసారీ, "దాని పక్కది?" అని అడిగే నా గొంతు.