గెడ్డకి దారిచ్చిన సింహాద్రి మావయ్య

నిన్న పొద్దున జంషెడ్‌పూర్ నుంచి తమ్ముడి ఫోన్.

"మావయ్య పోనాడన్నయ్యా" అన్నాడు.

ఏ మావయ్య అని అడిగాను. తెలిసే అడిగాను, ఇంకెవరి పేరైనా చెబుతాడేమోనని.

సింహాద్రి మావయ్య. మా అమ్మకి అన్నయ్య. మన బిర్సానగర్ బస్తీకి లీడర్.

డెబ్బైల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీ పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి, ఒక్కో రేకుల షెడ్డులో రెండేసి కుటుంబాలు ఉండేవాళ్లం. ఇళ్ల స్థలాల కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు.

ఒక ఎండాకాలం సర్వే సాబ్ వచ్చాడు. బస్తీ దిగువన ఖాళీ జాగా చూసి ఇదేంటన్నాడు.

"సాబ్, ఇధర్ గెడ్డ హై" అన్నాడు మావయ్య.

మన శ్రీకాకుళం వాళ్లకి గెడ్డ అంటే వాగు. సాబ్‌కి హిందీ 'గడ్ఢా' అని వినబడింది. అంటే గొయ్యి. ఎండకి చుక్క నీరు లేదు, చూడ్డానికీ గొయ్యిలాగే ఉంది.

"గడ్ఢా హై తో భర్ దేంగే" అన్నాడు. పూడ్చేసి ప్లాట్లు ఇస్తామన్నాడు.

పొరపాటు మావయ్యకి అర్థమైంది. నోరు విప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నాడు. "ఏటి సెప్పమంతావురా. నాకప్పుడు ఇల్లే అగుపడింది, నీరు అగుపడనేదు."

ఆయన్ని తప్పుపట్టడం సులువే. ఆ షెడ్లలో ఒక్క వారం ఉండి అప్పుడు మాట్లాడండి.

ఫ్యాక్టరీలో ఉక్కు తీయగా మిగిలిన స్లాగ్ ట్రక్కుల్లో తెచ్చి పోశారు. ఇళ్లు లేచాయి. గృహప్రవేశం రోజు మావయ్య బస్తీ మొత్తానికి పులిహోర పెట్టాడు.

రెండు వర్షాకాలాలు బాగానే గడిచాయి.

మూడోసారి నీళ్లు పాత దారినే వచ్చాయి. మధ్యాహ్నం, మగవాళ్లంతా డ్యూటీలో ఉండగా. జ్వరంతో చాప మీద పడుకున్న మావయ్య కూతురు పైడమ్మ కొట్టుకుపోయింది.

కర్మలు అయిన మర్నాడే ఆయన గునపం పట్టుకుని తన ఇంటి గోడలన్నీ పడగొట్టాడు. ఆ వరసంతా ఖాళీ చేసి నీటికి దారి వదలాలి, అందరికీ మెరక మీద ఇళ్లు ఇవ్వాలి అని ఆఫీసు ముందు కూర్చున్నాడు.

మనవాళ్లే తిట్టారు. "కూతురు పోనాక ఈడికి మతి సెడింది" అన్నారు.

ఏళ్లు పట్టింది కానీ సాధించాడు. ఇల్లు వదులుకున్న ప్రతివాడికీ మెరక మీద బదులు ఇల్లు వచ్చింది.

మావయ్యకి మాత్రం రాలేదు. నీకు ఇల్లే లేదు కదా, బదులు ఎలా ఇస్తాం అన్నారట. రూల్ అంటే రూల్ మరి.

అప్పట్నుంచీ అద్దె గదే.

నిన్న ఆసుపత్రి నుంచి తీసుకొస్తే, ఓనర్ శవాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. రోడ్డు మీద, వానలో, టార్పాలిన్ కింద పడుకోబెట్టారు.

మెరక మీది ఇళ్లలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఈ పోస్ట్ కింద దండాల బొమ్మలు పెట్టేవాళ్లలో ఆ ఇళ్లవాళ్లూ ఉంటారు. పెట్టండి. మొత్తం చదివి పెట్టండి.

వెళ్లిరా మావయ్యా. పైడమ్మ దగ్గరికి చేరుకో. ఇక ఎవరి ఇంటి కోసమూ తిరగకు, హాయిగా నిద్రపో.