బంద్‌నాడు మానుకోట చేరిన మా పెద్దవ్వ

ఆ రోజుల్లో మా జనగామలో ఏ పనికైనా ముహూర్తం పెట్టుకోవాలంటే ఎవరూ పంచాంగం తిరగేసేవారు కాదు, బంద్ పిలుపు ఎప్పుడుందో కనుక్కునేవారు. పెండ్లిచూపులు బంద్‌కు ముందురోజు, గోడలకు సున్నం బంద్‌నాడు, దవాఖాన పనులు బంద్ మరునాడు. తెలంగాణ వచ్చేదాకా మా బతుకులకు అదే క్యాలెండర్. ఇంజనీరింగ్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను కూడా ఆ లెక్కనే పట్టుకుని, నా జీవితంలో మొట్టమొదటి పెద్ద పనికి ఒక సంపూర్ణ బంద్‌ను ముహూర్తంగా పెట్టుకున్నాను. ఆ ముహూర్తబలం ఎంత గొప్పదంటే, ఇన్నేళ్ల తర్వాత తలచుకున్నా నాకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత కాస్త చెమట కూడా పడుతుంది.

ఉద్యోగం అన్నాను గానీ, అది మా బావ దయ. మా అక్కను చేసుకున్న పాపానికి నన్ను కూడా భరించాల్సి వచ్చింది ఆయనకు. స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం మీద రెండు గదులు, కింది నుంచి వచ్చే యూరియా వాసన, చిన్న చిన్న ప్రైవేటు దవాఖానల్లో పేషెంట్లకు చీటీలు రాసి వరుస పిలిచే ఒక ప్రోగ్రాం. అదే మా కంపెనీ. రాసేవాళ్లం ముగ్గురం, మిగతా ఇద్దరినీ సొంతూళ్ల పేర్లతోనే పిలిచేవాణ్ని. నేను జనగామలో, కాటారం అన్న భూపాలపల్లిలో, గూడూరక్క మానుకోటలో (కాగితాల్లో మహబూబాబాద్ అంటారు, నోటితో ఎవరూ అనరు). కాటారం అన్నది బొగ్గుబావుల్లో పనిచేసే చిన్నాయన ఇంట్లో మకాం. గూడూరక్కది లంబాడీ తండా. ఇంట్లో వాళ్ల భాష, మాతో మా భాష, కంప్యూటర్‌తో దాని భాష, మూడింట్లోనూ ఒకే వేగంతో తిట్టగలిగేది.

ముగ్గురం మూడు ఊళ్లలో కూర్చుని ఒకే ప్రోగ్రాం రాయాలంటే, రాసిందంతా దాచుకోవడానికి ఒకచోటు కావాలి. ఎవరు ఏ వాక్యం మార్చారు, ఎందుకు మార్చారు, అంతకుముందు అది ఎలా ఉండేది అన్నీ గుర్తుపెట్టుకునే చోటు. అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరుకుతుందని, విప్పి చూసుకోవచ్చని, మన సొంత మెషీన్‌లోనే పెట్టుకోవచ్చని తెలిసి, ఒక పాత కంప్యూటర్‌లో దాన్ని ఎక్కించాను. ఆ మెషీన్‌కు పక్క రేకు లేదు. లేచేటప్పుడు మూలిగేది, ఎండాకాలం ఆయాసపడేది, కానీ ఒకసారి చెప్పింది మరిచిపోయేది కాదు. అందుకే దాన్ని పెద్దవ్వ అని పిలుచుకునేవాళ్లం. "పెద్దవ్వకు అప్పజెప్పిన" అంటే రాసిన కోడ్ పంపించానని అర్థం.

ఇలా ఉండగా మా ప్రోగ్రాంను హైదరాబాద్‌లో ఒక కంపెనీ కొనడానికి ముందుకొచ్చింది. వాళ్ల మేనేజరు ఒకాయన, చాలా మర్యాదస్తుడు, ప్రతి మాట చివర అండీ తగిలించి మరీ గుచ్చేవాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. బావ గర్వంగా స్పీకరు పెట్టాడు.

"మీ సర్వర్ వెర్షన్ బాగా పాతదండీ. దాంట్లో అన్నీ కన్నాలే, ఎవరైనా దూరిపోతారు. ఎందుకొచ్చిన గొడవ, కోడంతా మా దగ్గర పెట్టేయండి, మేం చూసుకుంటాం. అయినా మీ ఊళ్లో సర్వర్ ఏంటండీ? కరెంటుంటే కదా!" అని, పక్కనున్న వాళ్లతో కలిసి నవ్వాడు.

కరెంటు సంగతి నిజమే, కన్నాల సంగతీ నిజమే. కానీ ఆ నవ్వు దగ్గర నాకు ఎక్కడో కాలింది. ఒకసారి కోడ్ అక్కడికి వెళ్లిందంటే, మేం రాసిన వాక్యం మేం మార్చాలన్నా ఆయన్ను అడగాలి. కొన్నాళ్లకు ముగ్గురం అక్కడికే బదిలీ, ఎరువుల దుకాణం మీద గదులకు తాళం. నేను బావను అడగకుండానే ఫోన్‌లోకి అరిచేశాను. "మీ చేతికి ఇయ్యం సార్! కొత్త వెర్షన్ మేమే ఎక్కిస్తం. పెద్దవ్వ ఈడ్నే ఉంటది."

"పెద్దవ్వ ఎవరండీ?" అన్నాడాయన. తర్వాత ఒక అవకాశం ఇచ్చాడు. మంగళవారం పొద్దున చూస్తానని, అప్పటికి కొత్త వెర్షన్ నడుస్తూ ఉంటే సర్వర్ మా దగ్గరే ఉండవచ్చని, లేకపోతే కోడ్ తమకు పంపాలని. ఫోన్ పెట్టేశాక బావ నావైపు చూసి, "బామ్మర్దీ, నోరు పెద్దగనే లేసింది. చేతులు గూడ గంతే లేస్తయా?" అన్నాడు.

సోమవారం బంద్. అంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? ఆ రోజు ఎవరూ కోడ్ పంపరు, పెద్దవ్వను నిశ్చింతగా పడుకోబెట్టి వైద్యం చేయవచ్చు. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఉన్నదంతా వేరే డిస్కులోకి నకలు తీసి (ఆ ఒక్క తెలివి దేవుడిచ్చాడు), పాత వెర్షన్ మీద తిన్నగా సరికొత్త వెర్షన్ ఎక్కించాను. పెద్దవ్వ తెర నిండా ఎర్ర అక్షరాలు కక్కి ఊరుకుంది. కాటారం అన్నకు ఫోన్ చేశాను.

"నడుమ వెర్షన్లు ఎక్కించినవా?"

"లేదన్నా. నడుమ వాటితోని మనకేం పని?"

"ఓరి నీ! అది ప్యాసింజర్ బండి తమ్మీ, అన్ని స్టేషన్లల ఆగుకుంట పోవాలె. నువ్వు ఎక్స్‌ప్రెస్ లెక్క ఉరికిచ్చినవ్. నకలు తీసినవ్ గద, మల్ల మొదటి సంది మొదలువెట్టు."

మొదలుపెట్టాను. మొదటి మజిలీ సగంలో ఉండగా కరెంటు పోయింది. నేనేం కంగారుపడలేదు. ఇన్వర్టర్ ఉంది కదా అని కుర్చీలో వెనక్కి వాలాను. పెద్దవ్వ ఒక మూలుగు మూలిగి ఆరిపోయింది. వంగి బల్ల కింద చూస్తే ఇన్వర్టర్ లేదు, బ్యాటరీ లేదు, అవి ఉన్నచోట దుమ్ములో రెండు చతురస్రాలు మాత్రం ఉన్నాయి.

సంగతేమిటంటే, చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల శిబిరం నడుస్తోంది. రోజుకొక దుకాణం వాళ్లు శిబిరానికి కావలసినవి చూసుకోవాలి. ఒకరు నీళ్ల క్యాన్లు, ఒకరు జంపఖానాలు. ఆ రోజు వంతు మా బావది. మైకుకు కరెంటు లేదంటే, బంద్‌నాడు ఆఫీసులో ఎవడు పనిచేస్తాడులే అని ఇన్వర్టర్‌ను బ్యాటరీతో సహా మోయించేశాడు. పైగా వంతు ఆయనదే కనుక ఆ రోజు ఉపన్యాసం కూడా ఆయనదే. దానికోసం వారం నుంచి మా అక్క ముందు నిలబడి సాధన చేస్తున్నాడు పాపం.

కాటారం అన్నకు మళ్లీ ఫోన్ చేసి కరెంటు పోయిందని మొత్తుకున్నాను. "పోతది మరి," అన్నాడు తాపీగా. "ఈడ మా చిన్నాయనోళ్లు సమ్మెల ఉన్నరు, బొగ్గు ఎల్తలేదు. మేం గిట్ల కూసుంటే మీకు కరెంటు ఏడికెల్లొస్తది?" ఆ గొంతులో గర్వం విని నాకు కోపం రావాలో సంతోషించాలో తెలియలేదు. ఉద్యమం గెలవాలంటే కరెంటు పోవాలి. నేను గెలవాలంటే ఉండాలి.

కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. బ్యాటరీ పెద్దవ్వ దగ్గరికి రాదు కనుక పెద్దవ్వే బ్యాటరీ దగ్గరికి పోవాలి. బంద్ కాబట్టి ఆటోలు లేవు. దుకాణం ముందున్న అరటిపండ్లాయన తోపుడు బండి అడిగి తీసుకుని, దాని మీద పెద్దవ్వను పడుకోబెట్టి, పక్కన మానిటరు పెట్టి, దుమ్ము పడకుండా మీద తెల్ల దుప్పటి కప్పి, కదలకుండా తాడుతో కట్టి నెట్టుకుంటూ బయల్దేరాను.

బంద్‌నాడు మా ఊళ్లో తెల్లగుడ్డ కప్పి బండి మీద తీసుకుపోయేది ఒక్కటే ఉంటుంది. ఆ ఆలోచన నాకు రాలేదు. రైల్వేగేటు దాటకముందే వెనుక ఇద్దరు చేరారు. సందు మలుపులో పదిమందయ్యారు. ఎవరో డప్పు అందుకున్నారు. నాకోసం ఇంతమంది తోడొస్తున్నారని పొంగిపోయి, నేను కూడా గట్టిగా "జై తెలంగాణ" అన్నాను. అది ఇంకా తప్పయింది. చౌరస్తా చేరేసరికి ఊరేగింపు నిండుగా ఉంది. ఒకాయన నా భుజం తట్టి, "మంచిగ చేసినవ్ తమ్మీ. ఇంతకు ఎవలి దిష్టిబొమ్మ?" అని అడిగాడు. ఇంకొకాయన చేతిలో గ్యాసునూనె (కిరోసిన్) డబ్బా, మూత అప్పటికే తీసి ఉంది.

"వద్దే! నీ కాల్మొక్కుత, పొయ్యకు! అది దిష్టిబొమ్మ గాదు, మా పెద్దవ్వ!" అని దుప్పటి మీద అడ్డంగా పడ్డాను.

డప్పు ఆగిపోయింది. ఒక ముసలామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవల అవ్వనో ఏమో, నలుగురు మోసేటోళ్లు లేక పండ్ల బండి మీద తెచ్చుకున్నడు," అని ఏడవబోయింది. గబగబా తాడు విప్పి దుప్పటి తీశాను. పక్కరేకు లేని కంప్యూటర్‌ను చూసి జనం ఒకరి వెనుక ఒకరు వంగి దాని లోపలికి తొంగిచూశారు. గ్యాసునూనె ఆయనైతే కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

శిబిరంలో ఆ రోజు దీక్షలో కూర్చున్నది హైస్కూల్లో నాకు పాఠం చెప్పిన లెక్కల సారు. మెడలో దండ, నుదుట బొట్టు, మునుపటి చూపే. "ఇటు రారా. ఏంది నీ కథ?" అన్నాడు. బెంచీ ఎక్కించి ఎక్కం చెప్పమన్నట్టే ఉంది. ఉన్నదంతా చెప్పాను. వెర్షన్లు, కన్నాలు, మంగళవారం, ఆ నవ్వు. సారు కండ్లు మూసుకుని విన్నాడు.

"అంటే, మనది మన ఇంట్ల పెట్టుకుంటమంటే మీతోని గాదు అంటున్నరు. అంతేనా?"

"అంతే సార్."

"మైకు బంద్ వెట్టుండ్రి. బ్యాటరీ వీనికియ్యిండ్రి."

సరిగ్గా అప్పుడే మా బావ మైకు ముందుకొచ్చి, కండువా సర్దుకుని, "సోదర సోదరీమణులారా" అన్నాడు. మణులారా దగ్గర మైకు ఆగిపోయింది. ఆ బ్యాటరీ మైకునూ పెద్దవ్వనూ ఒకేసారి మోయలేదు. బావ నావైపు చూసిన చూపు ఇప్పటికీ పండక్కి వాళ్లింటికి పోయినప్పుడల్లా కనబడుతుంది.

సారు పక్కన జంపఖానా మీద పెద్దవ్వను కూర్చోబెట్టాం. ఎవరో దానికీ ఒక దండ వేశారు (ఫ్యాను రెక్కల్లో పూలు పడతాయని నేను తీసేస్తే, మానిటరుకు వేశారు). నకలు మళ్లీ ఎక్కించి మొదటి మజిలీ మొదలుపెట్టాను. తెర మీద అంకెలు మెల్లగా కదులుతుంటే వెనుక జనం మెడలు చాచి చూస్తున్నారు. "గిది ఎందాక వోవాలె?" అని సారు అడిగాడు. మానుకోటలో గూడూరక్క దాకా సార్, ప్యాసింజర్ బండి, అన్ని స్టేషన్లలో ఆగాలి అని కాటారం అన్న మాటే కలిపి చెప్పాను. లెక్కల సారుకు అది చాలు. మొదటి మజిలీ పూర్తికాగానే లేచి నిలబడి, మైకు అక్కరలేని ఆ గొంతుతో, "రఘునాథపల్లి దాటింది!" అని జనగామ తర్వాతి స్టేషన్ పేరు ప్రకటించాడు. శిబిరం మొత్తం జై కొట్టింది.

ఇక ఆపతరమా? రెండో మజిలీకి ఘనపూర్. కాజీపేట దగ్గర తెర మీద మళ్లీ ఎర్ర అక్షరాలొచ్చాయి. కాటారం అన్న ఫోన్‌లో చెబుతుంటే నేను టైపు కొడుతుంటే, జనం "సిగ్నల్ ఇయ్యలేదు, జర ఆగుండ్రి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. సిగ్నల్ పడింది. వరంగల్ వచ్చింది, నెక్కొండ వచ్చింది, కేసముద్రం వచ్చింది. ఆ రోజు రైల్ రోకో కూడా ఉండడంతో పట్టాల మీద ఒక్క బండి కదలలేదు. ఆ దారిన పోయింది మా పెద్దవ్వ ఒక్కతే. గొంతు చించుకుని స్టేషన్లు పిలుస్తున్నవాళ్లలో మా బావ కూడా ఉన్నాడని కాసేపటికి గమనించాను. ఉపన్యాసం కోసం దాచుకున్న గొంతంతా అక్కడ ఖర్చుపెట్టేశాడు.

చివరి వెర్షన్ ఎక్కింది. అయినా సారు జై కొట్టనివ్వలేదు. "ఎక్కిందని నువ్వంటే గాదు. మానుకోటల దిగినోళ్లు చెప్పాలె." ఇంటర్నెట్ కోసం డేటా కార్డు పెట్టి, పెద్దవ్వకు దారి తెరిచి, గూడూరక్కకు ఫోన్ చేసి స్టేషన్ల కథ చెప్పాను. "అక్కా, ఒక్క వాక్యం మార్చి పెద్దవ్వకు పంపవా?"

"నా ల్యాప్‌టాప్ల చార్జింగ్ అడుగంటింది తమ్మీ. ఒక్కపారి పంపుత. చేరకుంటే నన్ననొద్దు," అంది. నేను తెరకేసి చూస్తున్నాను, మిగతా అందరూ నా మొహంకేసి చూస్తున్నారు. అప్పుడు అన్నిటికంటే పైన కొత్త వరుస ఒకటి వెలిగింది. పక్కన అక్క పేరు, మార్పు ఎందుకో రాసేచోట నాలుగు మాటలు. సారు కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు. "మానుకోటకు చేరినం. పెద్దవ్వ మంచిగుంది."

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. డప్పు మోగింది. గ్యాసునూనె ఆయన నన్ను ఎత్తుకున్నాడు. ఫోన్‌లో గూడూరక్క వాళ్లమ్మకు తమ భాషలో ఏదో గట్టిగా చెబుతోంది, నాకు తెలిసిన మాట పెద్దవ్వ ఒక్కటే. నేను ఏడ్చాను. సంతోషం వేస్తే మనిషి ఏడుస్తాడని ఆ రోజే మొదటిసారి తెలిసింది.

మంగళవారం మేనేజరు ఫోన్ చేశాడు. చాలాసేపు ఏవేవో నొక్కి చూస్తున్న చప్పుడు. "కొత్తదే నడుస్తోందండీ. నిన్న మీకు బంద్ కదా, ఎలా చేశారు?" అన్నాడు.

"బంద్ గాబట్టే అయింది సార్," అన్నాను. బావ మళ్లీ స్పీకరు పెట్టే ఉంచాడు. గొంతు పూర్తిగా పోవడంతో ఆయన ఏమీ అనలేక బల్ల మీద గుద్దాడు. పెద్దవ్వ ఎరువుల దుకాణం మీదే ఉండిపోయింది. రాష్ట్రం వచ్చిన రోజు దానికి మళ్లీ దండ వేశాం, ఈసారి నేను తీయలేదు.

ఇప్పుడు నేను అద్దాల ఆఫీసులో, కరెంటు పోవడమంటే ఏమిటో తెలియని మెషీన్లను చూసుకుంటున్నాను. ఒక మీట నొక్కితే మజిలీలన్నీ అవే దాటుకుంటూ పోతాయి. అయిపోయాక ఆకుపచ్చ గుర్తొకటి వస్తుంది, ఎవరూ తలెత్తి చూడరు. మొన్న ఒక పెద్ద అప్‌గ్రేడ్ నడుస్తుంటే, నాకు తెలియకుండానే పైకి అనేశానట. పక్క సీటు అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, "కేసముద్రం అంటే ఏంటి సార్? కొత్త వెర్షన్ పేరా?" అని అడిగింది.

"కాదమ్మా, ఇంకొక్క స్టేషనే ఉంది," అన్నాను. ఆ అమ్మాయికి ఏమర్థమైందో గానీ, ఆకుపచ్చ గుర్తు వచ్చేదాకా కుర్చీ జరుపుకుని నాతోపాటు తెర చూస్తూ కూర్చుంది.