మావయ్య కారుకి నేనెక్కించిన సాఫ్ట్‌వేర్

ఆ రోజుల్లో (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, చేతిలో స్మార్ట్‌ఫోనూ, ఇంట్లో నెట్టూ ఉన్నాయి, నా తలలో తెల్లవెంట్రుక మాత్రం లేదు) మా వైపు కంప్యూటర్లు చదివిన ఆడపిల్లకి తెలియనిదంటూ ఉండకూడదు. ఇన్వర్టరు కూతపెట్టినా, టీవీలో చానళ్ళు మాయమైనా, ఎవరి ఫోనులోనో అక్షరాలు ఉన్నట్టుండి పెద్దవైపోయినా కబురు నాకే వచ్చేది. నేనప్పటికి గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరి ఆరు నెలలు. పిల్లలడిగినదానికి జవాబు తెలియకపోతే "మంచి ప్రశ్న, రేపు చూద్దాం" అనడం ఒక్కటే ఆ ఆరు నెలల్లో నేను క్షుణ్ణంగా నేర్చుకున్న విద్య. 'నాకు తెలియదు' అన్నమాట ఒక్కసారి నోరుజారిందంటే ఉద్యోగం ఊడుతుందనీ, ప్రత్తిపాడులో టీచరుగా చేస్తున్న మా అమ్మ ఇక తలెత్తుకుని తిరగలేదనీ నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నన్ను మా మావయ్య కారులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

మావయ్య మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లుకి పత్తి కొనిపెట్టేవాడు. పొద్దున్నే బయల్దేరి ఊరూరా తిరిగి, పత్తిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, "తేమ ఎక్కువుందయ్యా" అని పెదవి విరవడం ఆయన వృత్తి. ఆ తిరుగుళ్ళ కోసం కొన్నాడు ఎర్రటి చిన్న కారు. చిన్నదే కాని టర్బో. వెనక డిక్కీ మీద ఆ మాట వెండి అక్షరాల్లో ఉండేది. కారు కడిగేటప్పుడు మిగతా బండంతా ఒక ఎత్తు, ఆ అక్షరాలు ఒక ఎత్తు. వాటిని మాత్రం తన కండువాతోనే తుడిచేవాడు. టర్బో అంటే ఏమిటని అత్తయ్య అడిగితే, "ఇంజనులోకి గాలి బలవంతంగా కూరుతుందే, అప్పుడు బండి పులిలా దూకుతుంది" అని చెప్పాడట. "మరి మనదెప్పుడూ దూకలేదేం?" అంది అత్తయ్య. ఆవిడకి ఆయన్ని నొప్పించాలని ఉండదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటుంది, అదే వచ్చిన చిక్కు.

ఆ ప్రశ్న మావయ్య మనసులో ఉండగానే అద్దంకి మావయ్య చేసిన పని జరిగింది. అద్దంకి మావయ్య అంటే మావయ్యకి తోడల్లుడు, అత్తయ్య చెల్లెలి భర్త, శనగల వ్యాపారి. మావయ్య కొన్న రెండు నెలలకి ఆయనా అదే కారు, అదే ఎరుపు కొన్నాడు. ఒకసారి అద్దంకిలో వాళ్ళ అత్తగారింట కృతజ్ఞత కూడిక (ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు) ఉండి మావయ్యా అత్తయ్యా బయల్దేరారు. చిలకలూరిపేట దాటాక హైవే మీద, గుంటూరులో పని చూసుకుని వస్తున్న అద్దంకి మావయ్య వెనకనుంచి వచ్చి, హారన్ కొట్టి, నవ్వుతూ చెయ్యి ఊపి, సర్రున ముందుకెళ్ళిపోయాడు. మావయ్య ఎంత తొక్కినా (తొక్కాననే ఇప్పటికీ అంటాడు) అందుకోలేకపోయాడు. ఇంటికి చేరేసరికి ఆయన భోజనం కూడా ముగించి అరుగు మీద పళ్ళు కుట్టుకుంటున్నాడట. "ఏంటయ్యా నీ బండికి అంత పికప్పు?" అని మావయ్య ఉండబట్టలేక అడిగితే, అటూ ఇటూ చూసి, "సాఫ్ట్‌వేర్ మార్పించాన్లే" అన్నాడట. తిరుగు ప్రయాణంలో అత్తయ్య, "మా చెల్లెలి మొగుడు ఏం తోలతాడండీ!" అని ఒక్క మాట అంది. ఆ రాత్రి మావయ్యకి అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికొచ్చాడు. కోడికూర వడ్డిస్తుండగా నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు సాఫ్ట్‌వేరేగా?"

"అంటే... పాఠాలు చెప్తాను మావయ్యా."

"చెప్పేదానివి, చేసేవాళ్ళకంటే నీకే ఎక్కువ తెలియాలి. మన బండికి సాఫ్ట్‌వేర్ మార్చాలే. ఏది మంచిదో నువ్వే చూసి ఎక్కించు. వాడిదానికంటే ఒక మెట్టు పైన ఉండాలి."

"దానికి తెలియందేముందిరా?" అంది అమ్మ, నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ.

ఆ ముక్క నోట్లో ఉండగా నిజం చెప్పడం నావల్ల కాలేదు. "మూడు రకాలుంటాయి మావయ్యా, చూడాలి" అన్నాను గంభీరంగా. మూడు అని ఎందుకన్నానో నాకే తెలియదు. (తీరా వెతికితే నిజంగానే మూడు రకాలున్నాయి. దేవుడు నాలాంటివాళ్ళని కూడా ఒక్కోసారి ఆదుకుంటాడు.) మొదటిది ఎవరో వండి పెట్టినది: మన కారు మోడల్ చెప్తే తయారుగా ఉన్నది పంపుతారు, కేబులు పెట్టి ఎక్కించుకోవడమే. రెండోది మనమే వండుకునేది: ఇంజనులో ఉండే చిన్న కంప్యూటర్‌ని లాప్‌టాప్‌లో తెరిచి, ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎంత గాలి అని అంకెలు దిద్దుకోవాలి. మూడోది అసలు సాఫ్ట్‌వేరే కాదు, వైర్ల మధ్యలో తగిలించే పెట్టె. అది ఇంజనుకి అబద్ధాలు చెప్పి ఎక్కువ పని చేయిస్తుంది. మూడోదాని మీద నాకు వెంటనే ఆత్మీయత కలిగింది.

ఇక చూడండి నా పరిశోధన. పద్నాలుగు గడులతో పట్టిక వేశాను. కాలేజీలో ఖాళీ పీరియడ్లన్నీ దేశంలో ఎక్కడెక్కడి కుర్రాళ్ళో తమ కార్ల గురించి రాసుకున్న కబుర్లు చదవడంతోనే సరిపోయేది. ఒకడు ఫలానా సాఫ్ట్‌వేర్ ఎక్కించాక జీవితానికి అర్థం దొరికిందని రాస్తాడు. దాని కిందే ఇంకొకడు అదే ఎక్కించాక పిస్టనుకి రంధ్రం పడిన ఫోటో పెడతాడు. ఆ ఫోటో చూసిన రోజు నాకు కలలో మావయ్య రంధ్రం పడిన పిస్టను చేత్తో పట్టుకుని, మా గుమ్మంలో నిలబడ్డాడు. పైగా వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కంపెనీ గ్యారంటీ కూడా పోతుందట. మావయ్య రోజూ ఫోను చేసేవాడు. "ఏమైందే?" "కంపేర్ చేస్తున్నా మావయ్యా." నెల గడిచాక అమ్మే అంది, "మీ అన్నయ్యకి పిల్లని చూసినప్పుడు కూడా మనం ఇన్ని కంపేర్ చెయ్యలేదే."

చివరికి రెండో రకంలో ఒకదాన్ని ఎంచుకున్నాను. గొప్ప కారణమేం లేదు. దాని ట్రయల్ వెర్షను ఊరికే వస్తుంది; ఇంజనులో ఏం జరుగుతోందో చూడనిస్తుంది, మార్చనివ్వదు. మార్చలేనిదైతే చెడగొట్టలేను కదా, ఇంకో నెల ఇలా గడిపేయొచ్చని నా ఎత్తుగడ. అదీగాక, అంకెలు దిద్దే ముందు బండి మామూలుగా ఎలా నడుస్తోందో రికార్డు చెయ్యాలని చదివినవాటన్నిటిలోనూ ఉంది, డాక్టరు మందు రాసే ముందు ఈసీజీ తీసినట్టు.

ఒక శనివారం పొద్దున మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో నేను, ఒళ్ళో లాప్‌టాప్, స్టీరింగు కింది నుంచి కేబులు. వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ పక్కన మంచినీళ్ళ సీసా. ప్రత్తిపాడు దాటామో లేదో మావయ్య మూడో గేరులోకి వచ్చాడు. నేను తెర మీది అంకె చూసి తలెత్తేలోపు ఐదులో ఉన్నాడు. బండి వేగం ముప్పై అయిదు. కారు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"అప్పుడే ఐదా మావయ్యా?"

"పై గేరులో ఉంటేనే ఇంజనుకి సుఖమే. మిల్లు జీపు తోలిన కాడినుంచీ నాకిదే అలవాటు."

మిరపకాయ బస్తాల ట్రాక్టరు ఒకటి అడ్డమొచ్చింది. ఐదో గేరులోనే దాన్ని దాటబోయి, దాటలేక, మళ్ళీ దాని వెనకే చేరి, ఘాటుకి ముగ్గురం తుమ్ముకుంటూ మూడు కిలోమీటర్లు వెళ్ళాం. "చూశావా? పికప్పే లేదు" అన్నాడు మావయ్య దిగులుగా. నేను చూస్తూనే ఉన్నాను. టర్బో పని మొదలెట్టాలంటే ఇంజను ఎంత తిరగాలో, ఆయన ఎప్పుడూ దానికి కాస్త ఇవతలే గేరు మార్చేస్తున్నాడు. యాక్సిలేటరు మీద ఆయన పాదం కొత్త కోడలు అత్తారింటి గడప తొక్కినట్టుంది. హైవే ఎక్కి చిలకలూరిపేట మిల్లుల దాకా వచ్చేసరికి టర్బో గాలి దగ్గర అంకె సున్నా నుంచి కదిలితే ఒట్టు. అంటే ఆ బండి కొన్ననాటి నుంచీ ఆ టర్బో ఒక్కసారైనా కళ్ళు తెరవలేదు. దానికి సాఫ్ట్‌వేర్ కాదు కావలసింది, దాన్ని ఎవరైనా నిద్ర లేపాలి.

ఇప్పుడేం చెయ్యాలి? 'మావయ్యా, లోపం బండిలో లేదు, నీ కాలిలో ఉంది' అనాలి. అదీ వెనక సీట్లో అత్తయ్య వింటుండగా. నేను పుట్టకముందు నుంచీ బండి తోలుతున్న మనిషితో, స్కూటరు కూడా సరిగా రాని నేను. ఆయన ముఖం చూశాను. పరీక్ష ఫలితాల కోసం వచ్చిన పిల్లాడిలా నా తెర వైపే తొంగిచూస్తున్నాడు.

"రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టెయ్యి మావయ్యా. ఎక్కిస్తున్నా" అన్నాను.

ఒక టీ కొట్టు పక్కన ఆపాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. నేను ఏదో మీట నొక్కాను. 'ఈ సదుపాయం ట్రయల్ వెర్షనులో లేదు' అని లాప్‌టాప్ నిజాయితీగా చెప్పింది. తెరని కాస్త నా వైపు తిప్పుకుని, రెండు నిమిషాలు ఊరికే టకటకలాడించి, మూత వేశాను.

"ఎక్కింది మావయ్యా. కాని ఈ సాఫ్ట్‌వేర్‌కి పథ్యం ఉంది. ఇంజను తిరుగుడు చూపించే ఈ సూది రెండున్నర దాటందే గేరు మార్చకూడదు. యాక్సిలేటరు సగం దాకా తొక్కాలి. అలా వాడకపోతే పాడైపోతుంది."

డాక్టరు చెప్తున్నట్టు విన్నాడు. రోజుకెన్నిసార్లు, తిన్నాకా తినకముందా అని అడగలేదు, అంతే. హైవే ఖాళీగా ఉంది. రెండో గేరులో భయంభయంగా తొక్కాడు. సూది ఒకటిన్నర దాటింది, రెండు దాటింది, అప్పుడు వచ్చింది ముందునుంచి ఒక ఈల లాంటి చప్పుడు. నా తల వెళ్ళి సీటుకి కొట్టుకుంది. "ప్రభువా!" అన్నాడు మావయ్య. వెనక నీళ్ళ సీసా దొర్లింది. ఇందాకటి వేగంలో నడుస్తున్న లారీ ఒకటి మా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయింది. "దూకిందండీ!" అంది అత్తయ్య, భయమూ సంతోషమూ కలిసిన గొంతుతో. కొంచెం దూరం వెళ్ళాక మావయ్య బండి ఆపి, నా తలమీద చెయ్యి పెట్టి, "మా అక్క కడుపున పుట్టావే తల్లీ" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలోనూ వచ్చాయి. ఎందుకొచ్చాయో నేను చెప్పలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నెల తర్వాత బండి సర్వీసింగుకి వెళ్ళింది. నా గుట్టు ఆ రోజుతో సరి అనుకుని కాలేజీలో బోర్డు మీద ఒకే వాక్యం రెండుసార్లు రాశాను. సాయంత్రానికి మావయ్య నేరుగా మా ఇంటికే వచ్చాడు. "వాళ్ళ కంప్యూటర్ పెట్టి చూశారక్కా! 'ఏమీ మార్చలేదండీ, కంపెనీదే ఉంది' అన్నారు. కంపెనీవాళ్ళక్కూడా దొరక్కుండా పెట్టింది నీ కూతురు!" అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే సమయంలో మావయ్య లేచి, "నా మేనకోడలికి దేవుడిచ్చిన జ్ఞానం కొరకు స్తోత్రం" అన్నాడు. సంఘమంతా "స్తోత్రం" అంది. ఆడవాళ్ళ వరసలో ముసుగు మరి కాస్త ముందుకు లాక్కుని నేనూ అన్నాను. అనకపోతే బాగుండదు కదా.

రెండు రోజులకి అద్దంకి మావయ్య ఫోను. "అమ్మాయ్, మొన్న మేదరమెట్ల దగ్గర మీ మావయ్య నన్ను దాటేశాడు. నాకూ అది పెట్టమ్మా."

"మీకు ముందే ఉందిగా అండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. "నీ దగ్గర దాపరికమెందుకులే. నేనేం పెట్టించలా. అడిగాడు కదా అని ఊరికే అన్నా. ఎవరికీ చెప్పమాక."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేని సాఫ్ట్‌వేర్‌తో పోటీపడి నెలన్నర పట్టికలు గీసి, లేని సాఫ్ట్‌వేరే ఎక్కించానన్నమాట. "మీ బండిలో ఏముందో మావయ్య బండిలోనూ అదే ఉందండీ" అన్నాను. అటువైపు నవ్వు మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్తే తనదీ బయటపడుతుంది మరి.

కిందటేడు చిలకలూరిపేట వెళ్ళినప్పుడు మావయ్యకి అంతా చెప్పేశాను. ట్రయల్ వెర్షను సంగతి, సున్నా సంగతి, టకటకల సంగతి. ఇన్నేళ్ళకి 'నాకప్పుడేమీ తెలియదు మావయ్యా' అన్న మాట నోటివెంట తేలిగ్గానే వచ్చింది. ఆయన ఓపిగ్గా విని, అత్తయ్య వైపు తిరిగి, "చూశావా, పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇలాగే అంటారు. ఎంత వినయమో!" అన్నాడు. ఇంకోసారి మొదటినుంచీ చెప్పబోయాను. "టీ తాగవే, చల్లారిపోద్ది" అన్నాడు.

సాయంత్రం నన్ను బస్టాండులో దించడానికి అదే ఎర్ర కారు తీశాడు. మోకాలికి ఆపరేషన్ అయిందాయనకి. ఊరు దాటకముందే ఐదో గేరు పడింది, బండి వణకడం మొదలెట్టింది. నా చూపు సూది మీదికి పోవడం ఆయన గమనించినట్టున్నాడు.

"సాఫ్ట్‌వేర్ పాతబడిందే అమ్మాయ్" అన్నాడు.

"అవును మావయ్యా" అన్నాను. "ఏం పర్లేదు, బస్సుకింకా టైముంది."