నేను తిడితే అక్క పస్తు

జనగామలో ఉదయం ఏడుంబావు బస్సెక్కాను. "మీ అక్క షుగర్ గోలీలు బంద్ జేసింది. కాలి పుండు మానుతలేదు. జర నువ్వొచ్చి చెప్పు" అని బావ ఫోను చేశాడు. నాచారంలో ఒక స్వామి దగ్గర ఉపదేశం తీసుకున్నప్పటి నుంచి అక్కకు మందుల మీద నమ్మకం పోయింది. బట్టలకొట్టులో పెరిగినవాణ్ణి, ఎవరినైనా ఒప్పిస్తానన్న గర్వం కూడా నాతోపాటు బస్సెక్కింది, అదీ టికెట్టు లేకుండా.

పక్కసీటు పెద్దాయనకు సంగతి చెబితే, "స్వాముల జోలికి పోకు తమ్మీ. మంచోడైతే పాపం, దొంగోడైతే పంచాయితీ" అని కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగాను. మెట్రో స్తంభాల కింద ఇడ్లీ తిని, నాచారం షేర్ ఆటో అతనితో పది రూపాయల కోసం పది నిమిషాలు వాదించి, చివరికి అతను అడిగిందే ఇచ్చాను. వెళ్లేవారు నాలా చేయకండి. ఈలోగా వెనక సీటు నిండిపోయి, డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వెళ్లాను.

ఫ్యాక్టరీల వెనక సందు మొదట్లోనే బావ కాపు కాశాడు.

"ఇంట్ల స్వామిని ఒక్క మాటనకు. గురువును తిడుతుంటే విన్నోళ్లు ఆ దినం పస్తుండాలంట, వాళ్ల నియమం. నువ్వు ఐతారం ఐతారం ఫోన్ల తిడ్తివి సూడు, అన్ని ఐతారాలు మీ అక్క తిన్లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?"

"నాకే నిన్న చెప్పింది. నీ పాపం నీకు తగలొద్దని పస్తుంటున్నదంట."

షుగరున్న మనిషి. ఎన్ని ఆదివారాలు తిట్టానో లెక్కపెట్టుకుంటూ బావ వెనకే నడిచాను.

పాదానికి గుడ్డ చుట్టుకుని అక్క కుంటుతూ ఎదురొచ్చింది. "గిట్ల సన్నవడ్డవేంది తమ్మీ?" అని నన్నే అడిగింది.

పదకొండింటికి, ఆమెకు చెప్పకుండా, స్వామి ఉండే రేకుల షెడ్డుకు వెళ్లాను. గద్దించేవాడైతే గద్దిద్దామనుకున్నాను. ఆయన మంచినీళ్లిచ్చి కూర్చోమన్నాడు. కాళ్ల మీద పడ్డాను.

"గోలీలు వేసుకొమ్మని అక్కకు ఒక్క మాట చెప్పండి స్వామీ."

"నేను వద్దనలేదు నాయనా. నమ్మకముంటే మందుతో పనిలేదన్నాను. ఆమె వచ్చి అడిగితే వేసుకొమ్మనే చెప్తాను."

బేరం కుదిరిందని దాదాపు పరుగెత్తుతూ ఇల్లు చేరాను.

"అక్కా, ఒక్కసారి పోయి అడుగు."

"గురువును అడుగుడంటే అనుమానపడుడే. అది గూడ నిందనే తమ్మీ."

మధ్యాహ్నం బీరకాయ పప్పుతో ఇద్దరం తిన్నాం. ఆమె ముద్ద ముద్దకూ నేను ఊపిరి తీసుకున్నాను. గోలీల మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగింటికి ఉప్పల్‌లో, జనగామ మీదుగా పోయే వరంగల్ బస్సు దొరికింది. గురువులను విమర్శించడం మేలా, కీడా అని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువే. ఆయన మీద విసిరిన ప్రతి మాటా అక్క కంచంలో పడింది. ఆయనకు ఒక్కటీ తగల్లేదు. అలాగని నోరు మూసుకుంటే ఆ పుండు ఆగదు.

ఘట్‌కేసర్ దగ్గర బావ ఫోను. "రాత్రికి తిననంటున్నది."

"నేనేమన్నా అన్ననా బావా?"

"అన్లేదు. మనసుల అనుకున్నవంటది." ఫోను అక్కకిచ్చాడు.

"అనుకోలేదా తమ్మీ?"

"లేదక్కా."

"నాతోని అబద్ధమాడినవ్. రేపు గూడ పస్తుంట తీ" అంది మెల్లగా. తర్వాత, "బస్సుల సీటు దొరికిందా?" అంది.

దొరికిందన్నాను.